పల్లానికి ఇచ్చిన తొలి పడక

మొదటి పూట

నా పేరు వేముల ఓదెమ్మ. మొగుడి పేరు కనకయ్య, పోయి చాలా కాలమైంది. నా వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్ళందరూ నాకంటే ముందే పోయారు. ఉండేది నల్లమిట్ట మీద, నీళ్ళ తొట్టికి పై వరసలో, చివరి ఇల్లు. ఇంట్లో మనుషులం ఇద్దరం, నేనూ నా కోడలు సుగుణా. కొడుకు లేడు. మేకలు రెండు. నులక మంచం ఒకటి, దాని కింద పెట్టె ఒకటి. ఆ పెట్టెలో ఉన్నది నా పేరు.

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే పంచాయితీలో రాతపని చేసే మడిపెల్లి సదయ్య రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయాలన్నాను. తిట్లు వదిలేస్తానన్నాడు. వదిలేస్తే వేలిముద్ర వేసేది లేదన్నాను.

"తిట్లకే ఇంకో కాయితం పడుతదేమో అవ్వా" అన్నాడు.

"పడనీ. నాకు రాయరాదు, నీకు ఇనరాదు. ఇద్దరం గలిస్తే ఒక మనిషి లెక్క."

నా మీద పంచాయితీ పెట్టిన నేరాలు రెండు. పల్లం పనికి పోతున్న మనిషిని దారిలో పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి మంచానికి కట్టేశానన్నది మొదటిది. ఒక పెట్టె మీద రెండో మనిషిని పడుకోబెట్టాలని చూస్తున్నానన్నది రెండోది. రెండూ నిజమే. కాదని చెప్పడానికి కాదు నేను కూర్చున్నది. ఎందుకు చేశానో చెప్పడానికి, నాకేం కావాలో చెప్పడానికి.

నాకు కావలసింది ఇది. నా కోడలు ఈసారి ప్రాణం వదిలితే, లేవడం నా ఇంట్లో లేవాలి. మంచుపల్లంలో లేవకూడదు. దానికి ఆమె ఒక్క రాత్రి ఈ మంచం మీద నిద్రపోవాలి. ఇంతే. ఒక మనిషి ఒక రాత్రి కన్నుమూసి పడుకోవడం గురించి ఇంత పంచాయితీ.

ఆమె ఈ గదిలోనే ఉంది. మంచం మీద వెల్లకిలా, నులకతాడుతో కట్టి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. పల్లం నుంచి తెచ్చినప్పటి నుంచి రెప్ప వాల్చలేదు, మెతుకు ముట్టలేదు. ఎక్కువ రోజులు ఆగదు. సదయ్య రాస్తూ రాస్తూ పీటను పక్కకు జరుపుకున్నాడు.

"అవ్వా, ఆమె నన్నే చూస్తున్నది."

"నిన్ను గాదు. నీ ఎనక గోడను. గోడ అవతల పల్లమున్నది. రాయి."

రెండో పూట

ఈ పొద్దు నీళ్ళు మోశాను. మేకలకు రొట్ట వేశాను. సుగుణ కట్లు వదులు చేసి, చేతులూ కాళ్ళూ రుద్ది, మళ్ళీ కట్టాను. అంబలి నోటి దగ్గర పెడితే పెదాలు విడదీయలేదు. పక్కకు జరిపితే ఎండుగడ్డి మోపును జరిపినట్టు జరిగింది.

పడకల సంగతి కాయితం మీద ఉండాలని సదయ్య అంటున్నాడు. సరే. పెట్టె ఉన్న మంచం మీద దీపాల వేళ నుంచి తెల్లవారే దాకా నిద్రపోతే ఆ పెట్టెలో మన పేరు పడుతుంది. ఆ తరవాత ఎక్కడ చచ్చినా, మూడో తెల్లవారుజామున ఆ మంచం మీదే లేస్తాం. చివరిసారి పడుకున్న తరవాత జరిగిందేదీ గుర్తుండదు. ఇంకో పెట్టె మీద నిద్రపోతే పేరు అక్కడికి మారుతుంది. పెట్టెలు చేసినవాళ్ళు ఎప్పుడో పోయారు. ఉన్నవాటినే తుడుచుకుని వాడుకుంటున్నాం. నా కొడుకు పెట్టె మూగబోయిందని వాడు చచ్చాకే తెలిసింది. మూడో తెల్లవారుజాము దాటినా నేనూ సుగుణా లేవలేదు ఆ మంచం పక్క నుంచి. ఆ వానాకాలమంతా అక్కడే కూర్చున్నాం. ఆ తరవాత ఆమె పుట్టింటికి పోలేదు, నేను పొమ్మనలేదు. ఒకరినొకరు తిట్టుకుంటూ బతికాం.

ఒక పెట్టె మీద ఇద్దరు పడుకోకూడదు. ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. ఎందుకు పడుకోకూడదని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కసురుతారు.

ఇంకో ఆచారం ఉంది. కొత్త చోట మంచం వేస్తే మొదటి రాత్రి దాని మీద ఎవరూ పడుకోరు. కొత్త గుడ్డ పరిచి, తలవైపు గుప్పెడు జొన్న గుగ్గిళ్ళు పెట్టి, "చోటా, ముందు నువ్వు" అని చెప్పి వచ్చేస్తాం. దాన్ని చోటు పడక అంటాం. మనం ఆ చోటుకి కొత్తవాళ్ళం కదా, ముందు దానికి మర్యాద చేయాలి. మిట్ట మీద ఆ మర్యాద వల్ల ఏమీ కాలేదు. తెల్లవారి చూస్తే గుగ్గిళ్ళు అలాగే ఉండేవి, మేకలు తినేవి, రెండో రాత్రి మనిషి పడుకునేవాడు. మిట్ట మీద గాలి తప్ప ఏముంది?

మంచుపల్లంలో మోడు ఉంది. దాన్ని దగ్గరగా చూసి బతికినవాళ్ళు లేరు, చచ్చి లేచినవాళ్ళకు గుర్తులేదు. చెట్ల మధ్య కొమ్మలు విరిగిన చెట్టులా నిలబడి ఉంటుంది. మంచు పట్టి విడిచాక చూస్తే ఇందాక ఉన్న చోట ఉండదు. దగ్గరికి పోయినవాడి ఊపిరి ఆగిపోతుంది. గాయం ఉండదు, అరుపు ఉండదు. అయినా పోవాలి, ఎందుకంటే గుగ్గిలం చెట్లు అక్కడే ఉన్నాయి, మిట్ట మీద దీపాలూ పొయ్యిలూ ఆ బంకతోనే వెలుగుతాయి.

వెనకటికి పల్లంలో చచ్చినవాళ్ళు ఇంటి మంచం మీదే లేచేవాళ్ళు. లేచి, కుండెడు అంబలి తాగి, పెళ్ళాన్ని రెండు తిట్టి, మళ్ళీ దిగి తమ శవాన్ని తామే పూడ్చుకుని పనిలో పడేవాళ్ళు. నడక చాలా దూరం, పని చెడుతోందని పడకల పెద్ద కొమ్ము బుచ్చిరాములు ఒక ఉపాయం చెప్పాడు. పెట్టెలు మోసుకుపోయి గుగ్గిలం చెట్ల పక్కనే మంచాలు వేద్దామన్నాడు. చచ్చినవాడు పని పక్కనే లేస్తాడు.

మంచాలు వేసి వచ్చారు. ఆచారం ప్రకారం మొదటి రాత్రి వదిలేశారు. తెల్లవారి పోయి చూస్తే ఏ మంచం తలవైపూ గుగ్గిళ్ళు లేవు. నులక జానెడు కుంగి ఉంది, బరువైన మనిషి పడుకుని లేచినట్టు. గుంపు గుంపంతా కేరింతలు కొడుతూ మిట్టెక్కింది. చోటు ఒప్పుకుంది, మన మర్యాద తీసుకుంది అన్నారు. బుచ్చిరాములు బెల్లం పంచాడు. నాకూ ఒక ముక్క వచ్చింది.

ఒక పెట్టె మీద ఇద్దరు పడుకోకూడదని అంత గట్టిగా తెలిసినవాళ్ళం, మొదటిదాన్ని మనమే పిలిచి పడుకోబెట్టామని ఒక్కరికీ తట్టలేదు.

మూడో పూట

పక్కింటి గూడెపు ఈశ్వరమ్మ నిప్పు కోసం వచ్చింది. దాని మొగుడు ఐలయ్య పల్లం మంచాల మీద అందరికంటే ఎక్కువసార్లు లేచినవాడు. ఇప్పుడు వాళ్ళ వాకిట్లో నిలబడి ఉన్నాడు. పని లేని రోజుల్లో పైకి వస్తాడు, వచ్చి నిలబడతాడు, అంతే. కూర్చోడు, పడుకోడు, తినడు. ముఖం పల్లం వైపు. మొదట్లో ఈశ్వరమ్మ ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేది. ఇప్పుడు ఆయన భుజాల మీద తడిచీర ఆరేస్తోంది.

"ఏం జేయాలె వదినె, దండెం తెగింది" అంది.

"మంచి పని జేసినవ్. పెండ్లయినప్పటి సంది ఒక్క పనికి అక్కరకొచ్చిండు."

నవ్వింది. నవ్వుతూనే ముఖం తిప్పుకుంది.

పల్లం మంచం మీద లేచినవాళ్ళందరూ ఇలాగే అయ్యారు. ఒక్కసారి లేస్తే మాట తగ్గుతుంది. రెండోసారికి నిలబడటమే మిగులుతుంది. తిండి లేక ఎండి ఎండి ఒకనాడు పడిపోతారు, మళ్ళీ అక్కడే లేస్తారు, ఇంకాస్త మోడై. మోడు వాళ్ళ జోలికి రాదు. తన పక్కన తమ్ముళ్ళు నిలబడ్డట్టు ఊరుకుంటుంది. వాళ్ళు చెట్టు మీద గాటు పెడతారు, బంక తీస్తారు, బుట్ట నింపుతారు.

సుగుణ కూడా బంక పనికి దిగి పల్లం మంచం మీద పేరు వేసుకుంది. మోడు దాపున చచ్చి, మొదటిసారి పల్లంలో లేచి ఇంటికి వచ్చిన రోజు గడపలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను. వచ్చి మంచం పక్కన నిలబడింది.

"కూసోవే. కాళ్ళు గుంజుతలేవా?"

"కూసునుడు ఎట్లనో యాది లేదత్తా" అంది, ఉప్పు ఎక్కడ పెట్టానో గుర్తులేదన్నట్టు.

మరుసటి వారం నేను ఆమెకు రొట్టెలు మూటగట్టుకుని పల్లం అంచు దాకా దిగాను. మంచు పలుచగా ఉంది. గుంపు దూరంగా పనిలో ఉంది, అందులో సుగుణ నీలం చీర కనిపిస్తోంది. నాకు దగ్గర్లో, నాలుగు చెట్ల అవతల, మోడు ఉంది. నేను కదలలేదు. అప్పుడు ఆ మోడులోంచి నా కోడలి గొంతు వచ్చింది.

"అత్తా, నల్లమేకను కట్టేసినవా? తాడు నమిలింది."

నల్లమేకకు తాడు కొరికే అలవాటుంది. పల్లం పనికి దిగకముందు సుగుణే ఆ తాడు ముడి వేసి, ఇది ఆగేది కాదత్తా అని నవ్వింది. దూరంగా నీలం చీరలో ఉన్నది మాట్లాడదు. మాట్లాడేది ఇక్కడ ఉంది.

రొట్టెల మూట అక్కడే పడేసి మిట్టెక్కాను. ఎక్కుతూ ఉంటే అర్థమైంది, మొదటి రాత్రి ఆ మంచాల మీద పడుకున్నది మోడే. పెట్టె ఒకరిని లేపేటప్పుడు, తనలో ఎన్ని పేర్లుంటే అందరినీ కలిపి పంచుతుంది. మోడుతనం సుగుణలోకి వచ్చింది, సుగుణతనం మోడులోకి పోయింది. మనిషి లేచిన ప్రతిసారీ ఈ పంపకం జరుగుతుంది.

బుచ్చిరాములు దగ్గరికి పోయి చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన అల్లుడు కూడా నిలబడ్డవాళ్ళలో ఉన్నాడు. ఆయన దాన్ని ఓపిక అంటాడు.

"పనైతే ఆగుతలేదు గదా అక్కా. ఎవలను మోడు ముట్టుకుంటలేదు. తిండి సుత అడుగుతలేరు."

"తిండి అడగనోళ్ళను మనుషులంటరా తమ్మీ?"

"నీ కోడలు అడిగినప్పుడు నువ్వే అరిచేదానివి గదా, ఎంత తింటవే అని."

"అరిచిన. అరిచి పెట్టిన. నీ అల్లుడికి నువ్వు ఆఖరిసారి ఎప్పుడు పెట్టినవ్?"

చోటు పడక ఆచారాన్ని తప్పుపట్టినదాన్ని నన్నొక్కదాన్నే చూశానన్నాడు. మంచాలు పీకితే దీపాలు ఆరతాయన్నాడు. ఆ రెండో మాట అబద్ధం కాదు. అందుకే ఎవరూ నా వైపు నిలబడలేదు.

తరవాత సుగుణ తిండి లేక పడిపోయి రెండోసారి పల్లంలో లేచింది. మళ్ళీ పైకి వచ్చి తిరిగి పనికి దిగుతుంటే దారికి అడ్డం పోయి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. బరువు లేదు కాబట్టి నా వల్ల అయింది. మంచం మీద వేస్తే కర్రలా లేచి నిలబడుతోంది, అందుకే కట్టాను. ఇదీ మొదటి నేరం.

నాలుగో పూట

నిన్న సదయ్య వెళ్ళిపోయాక, పొద్దు వాలే వేళకు, నిలబడ్డవాళ్ళు మా ఇంటి చుట్టూ చేరారు. ఐలయ్య ఈశ్వరమ్మ వాకిలి వదిలి మా గోడ దగ్గరికి వచ్చాడు, భుజం మీద చీరతోనే. బుచ్చిరాములు అల్లుడు వచ్చాడు. పల్లం నుంచి ఇంకా పైకి వస్తున్నారు. అరవరు, తలుపు తట్టరు. ఇన్నాళ్ళూ పల్లం వైపు చూసినవాళ్ళు ఇప్పుడు మా ఇంటి వైపు చూస్తున్నారు. ఈ పూట సదయ్య వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని రావలసి వచ్చింది. ఒకడికి చెయ్యి తగిలిందట, చెట్టుబెరడులా చల్లగా ఉందట. వచ్చి కూర్చుని, ఆ చెయ్యి పొయ్యి దగ్గర కాచుకుని కలం పట్టాడు.

ఈ తెల్లవారి మంచు మిట్ట మీదికి వచ్చింది. నా ఎరుకలో మంచు ఇంత పైకి ఎప్పుడూ రాలేదు. నేను పొయ్యి వెలిగిస్తున్నాను. తలుపు అవతల గొంతు.

"అత్తా, తలుపు తియ్. చేతులు నిండున్నయ్."

సుగుణ నీళ్ళు తెచ్చినప్పుడు అనే మాట అది. మంచం వైపు చూశాను. సుగుణ కట్టి ఉన్నది కట్టి ఉన్నట్టే ఉంది, నోరు మూసుకుని.

"ఏం దెచ్చినవే?" అన్నాను.

"నీళ్ళు."

"బిందె ఎవలిది?"

"ఈశ్వరమ్మత్తది. మనది కారుతున్నది గదా."

మా బిందె కారుతున్న మాట నిజం.

"నా కోడలు లోపటున్నది. నువ్వెవలివే?"

"నేనే అత్తా. ఇక్కడ బాగ సలి. లోపటికొస్త."

చేతిలో పుల్ల పొయ్యిలో పెట్టి తలుపు వైపు తిరిగాను. ఆ గొంతులో మోసం లేదు. మోసం ఉంటే చీపురు తిరగేసి తరిమేదాన్ని. అక్కడ ఉన్నది నా కోడలే, సగమో, సగానికి పైగానో. చలి వేస్తున్నది ఆమెకే. దాన్ని లోపలికి రానిస్తే నా ఊపిరి ఆగుతుంది. నేను మూడో తెల్లవారుజామున లేచేసరికి మంచం మీద ఉన్నది తిండి లేక పోయి మళ్ళీ పల్లంలోనే లేస్తుంది.

"తలుపు తియ్య" అన్నాను. "నా కోడలివే అయితే ఎందుకు తియ్యనో నీకు తెల్వాలె."

"తెలుసత్తా" అంది.

మంచు దిగిపోయింది. తలుపు తీసి చూస్తే గడప ముందు నేల తడిగా ఉంది. బిందె ఏమీ లేదు.

అక్కడ ఉన్న సుగుణను నేను తెచ్చుకోలేను. ఇది పంచాయితీ వాళ్ళు రాసుకోవాలి. ఇక్కడ మిగిలినదాన్ని మాత్రం వదలను.

ఈశ్వరమ్మ వచ్చి కూర్చుంది. నేను చేయబోయేది ఆమెకు తెలుసు.

"వదినె, నీ పెట్టెల నీ పేరున్నది. పిల్ల దాని మీద పడుకుంటే పంపకం నీకు దానికి నడుమ అయితది."

"గదే గదా నాకు గావాల్సింది. దాంట్ల ఖాళీ అయినకాడ నన్ను పోసుకోనీ."

"పంపకం రెండు దిక్కుల ఉంటది. దాంట్ల ఉన్నది నీకొస్తది."

"రానీ. నేను డెబ్బయ్యేండ్ల సంది కూసునే ఉన్న."

సదయ్య ఇది రాయనా వద్దా అని అడిగాడు. రాయమన్నాను. ఇదే రెండో నేరం. తెలిసే చేస్తున్నాను.

అయితే ఆమె నిద్రపోవడం లేదు. తల నిమిరాను, నూనె రాశాను, మందాకు పొగ వేశాను. కళ్ళు గోడ మీదే. ఈ పూట ఒక్కటి జరిగింది. నేను బుచ్చిరాములును తిడుతూ చెప్పిందంతా మళ్ళీ చదివి వినిపించమంటే సదయ్య చదివాడు, సుగుణలో ఏ మార్పూ లేదు. నేను అదే మాటను నా నోటితో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. సదయ్య నా మోచెయ్యి తట్టాడు.

సుగుణ రెప్పలు బరువెక్కాయి. సగానికి వచ్చి, నేను ఆగగానే మళ్ళీ లేచాయి.

నాకు నవ్వొచ్చింది. నేను అరవడం మొదలుపెడితే ఈ పిల్ల గోడకు ఆనుకుని కునుకు తీసేది. ఎన్నేళ్ళు దాన్ని చూసి ఒళ్ళు మండిందో. నా మాటంటే లెక్కలేదు దీనికి అనుకునేదాన్ని.

ఐదో పూట

ఇది దీపాల వేళ. సదయ్యను ఇంటికి పోవద్దన్నాను. రాస్తూ ఉండు, నువ్వు రాస్తుంటే నాకు మాట ఆగదు అన్నాను. ఈశ్వరమ్మ తలుపుకు ఆనుకుని కూర్చుంది. కిటికీ అవతల నిలబడ్డవాళ్ళు. సుగుణ కట్లు విప్పాను, చెయ్యి మాత్రం పట్టుకున్నాను. ఇక్కడి నుంచి నేను పంచాయితీకి చెప్పడం లేదు, ఆమెకు చెబుతున్నాను. సదయ్య అది కూడా రాస్తానన్నాడు.

"ఇగో పిల్లా, నీకు కూర వండరాదు. వంకాయ కోస్తే ఒక ముక్క నీ బొటనవేలంత, ఒక ముక్క నీ తలకాయంత. ఒకటి మాడుతది, ఒకటి ఉడకది. నేను చెప్తే నీళ్ళు పోస్తవ్. నీళ్ళు పోస్తే వంకాయ కూరైతదా, మేకల కుడితైతది. మేకలు గూడ మూతి తిప్పుకుంటయ్. నవ్వకు. నీ మొగడు తిన్నడంటే వాడికి నోరు లేకనే. వాని అయ్య లెక్కనే. వాని అయ్యకు నేను రాయి ఉడకబెట్టి పెట్టినా ఉప్పు సరిపోయిందనేటోడు.

"చీర ఉతుకుతే పిండవ్. నీళ్ళు కారుకుంట దండెం మీదేస్తవ్. కింద బురద. ఆ బురదల నేను జారి పడితే, అత్తా సూసుకోవాలె గదా అంటవ్. కండ్లు నీకున్నయా నాకున్నయా? పొయ్యి ఊదుతే బూడిదంతా నా మీదికే ఊదుతవ్. ఇన్నేండ్లయినా గాలి ఎటు దిక్కున్నదో చూడవ్.

"వాడు పోయిన వానకాలం నువ్వు ఆ మంచం కాడ కూసోని, తిన్నవా అత్తా అని అడిగేదానివి. నేను తినలే అనేదాన్ని. నువ్వు గూడ తినకపోయేదానివి. నేను తింటేనే నువ్వు తింటవని తెలిసి ఒకనాడు తిన్న. అన్నం గాదే అది, మట్టి. నీ కోసం మట్టి తిన్న. అది నీకు ఎన్నడన్న చెప్పిన్నా? చెప్పలే. ఇప్పుడు చెప్తున్న గదాని ఎక్కిరించకు. పొద్దుగాల లేసి నాకు ఆ ముచ్చట ఎత్తినవంటే చీపురు ఇరుగుతది. ఇంక పొట్లకాయ సంగతి చెప్త ఇను..."

పొట్లకాయ సంగతి సదయ్య రాయలేదు. చెయ్యెత్తి చూపించాడు. సుగుణ కళ్ళు మూసి ఉన్నాయి.

ఆపకు అని సైగ చేశాడు. నేను ఆపలేదు.

ఆరో పూట

తెల్లవారింది. నా గొంతు పోయింది, గొణిగితే సదయ్య చెవి దగ్గర పెట్టుకుని రాస్తున్నాడు. సుగుణ రాత్రంతా నిద్రపోయింది. వెలుగు వచ్చే వేళకు మంచం కింద పెట్టె తేనెటీగలా ఒక్కసారి గట్టిగా రొద చేసి సర్దుకుంది. పేరు పడింది.

కిటికీ తీసి చూశాను. నిలబడ్డవాళ్ళు ఇటు చూడటం మానేశారు. ఒక్కొక్కరూ పల్లం వైపు తిరిగారు. ఐలయ్య కూడా. ఈశ్వరమ్మ పోయి ఆయన భుజం మీది చీర తీసుకుంది. అప్పటికి ఆరిపోయింది.

నీళ్ళు కాగేలోపు సుగుణ ఊపిరి ఆగింది. కష్టపడలేదు. నేనూ ఈశ్వరమ్మా స్నానం చేయించి, నీలం చీర కట్టి, ఇంటి వెనక గుంత తీసి పెట్టాం. ఏడవలేదు. ఈ లోకంలో మట్టి వేసేటప్పుడు ఏడవడం మానేసి ఎన్నాళ్ళయిందో. ఏడ్చేది మంచం పక్కన, ఎదురుచూసేటప్పుడు.

ఏడో పూట

సుగుణ లేచింది.

మూడో తెల్లవారుజామున నేను మంచం పక్కనే ఉన్నాను. సదయ్య, ఈశ్వరమ్మ కూడా ఉన్నారు. నులక కుంగింది. కుంగిన చోట ముందు దుప్పటి ముడతలు, తరవాత చెయ్యి, తరవాత ముఖం. దగ్గింది. మోచెయ్యి ఆనించి లేచి, కాళ్ళు కిందికి వేసి, మంచం పట్టె మీద కూర్చుంది.

కూర్చుంది. రాయి సదయ్యా, పెద్దగా రాయి.

చుట్టూ చూసి సదయ్య దగ్గర కళ్ళు నిలిపింది.

"ఈయనేందిరా నా మంచం పక్కపొంటి, గుడ్ల మీద కోడి లెక్క కూసున్నడు?"

ఆ గొంతు సుగుణది. ఆ మాట నాది. సదయ్య నవ్వబోయి కండువా కళ్ళకు అద్దుకున్నాడు. ఈశ్వరమ్మ అంబలి తెస్తే కుండ ఎత్తి తాగింది. తాగి, మూతి తుడుచుకుని, పొగాకు కాడ అడిగింది. జన్మలో పొగాకు ముట్టని పిల్ల. తరవాత నన్ను చూసి, "అత్తా, నువ్వు తిన్నవా?" అంది. అది మాత్రం ఆమెదే.

తినలేదన్నాను. తిను అంది, నా మాదిరిగానే కసురుతూ. సరేనన్నాను.

కొంత పోయింది. కనకయ్య నడక గురించి నాకు తెలిసిన సంగతులు ఆమె చెబుతోంది. తన తల్లి పేరు అడిగితే ఆలోచిస్తోంది. ఆ పేరు పల్లంలో చలిలో ఉంది. ఉన్నదానితో బతుకుతాం.

ఇప్పుడు నా కేసు ముగిస్తాను. పంచాయితీ ఈ పొద్దు కూర్చుంటుంది కాబట్టి సూటిగా చెబుతున్నాను.

పల్లంలో వేసిన మంచాలు తీయించాలి. దీపాలు తక్కువైతే తక్కువ దీపాలతో ఉందాం. వెనకటిలా ఇంటి నుంచి నడిచి పోదాం. ఇక మీదట ఎక్కడ మంచం వేసినా మొదటి రాత్రి ఖాళీగా వదలకూడదు, పడుకోవలసిన మనిషే మొదట పడుకోవాలి. చోటుకు మర్యాద చేయాలంటే దండం పెట్టి చేయండి.

పంచాయితీ గదిలో ఇంతవరకు ఎవరూ పడుకోని పెట్టె ఒకటి గుడ్డ కప్పి ఉంది. అది నా కోడలికి ఇవ్వాలి. ఈ రాత్రే ఇవ్వాలి. ఆమె దాని మీద ఒక రాత్రి పడుకుని తన పేరు అక్కడ వేసుకున్నాక, నా మంచం కింది పెట్టెను రోకలి పెట్టి పగలగొట్టాలి. ఆమె చేతే కొట్టించండి, బలంగా కొడుతుంది. నేను పడిపోయిన తరవాత నన్ను లేపకూడదు. లేపితే ఎవరు లేస్తారో నాకు తెలుసు.

నేరానికి ఏ శిక్ష వేసినా సరే. దారిలో మనిషిని పట్టుకున్నాను, కట్టాను, ఒక పెట్టె మీద ఇద్దరిని పడుకోబెట్టాను. మళ్ళీ అవసరమైతే మళ్ళీ చేస్తాను.

సదయ్య నా కోసం పీట వేసి రెండుసార్లు కూర్చోమన్నాడు. ఈ పూట చెప్పిందంతా కిటికీ దగ్గర నిలబడే చెప్పాను. కాళ్ళు గుంజడం లేదు. ఇక్కడి నుంచి పల్లం బాగా కనబడుతుంది, ఇన్నేళ్ళూ గమనించనే లేదు. సుగుణ వెనక నుంచి రొట్టె పట్టుకుని అరుస్తోంది.

నాకు పొద్దుటి నుంచి ఆకలి కాలేదు. అందుకే తొందరగా తేల్చమంటున్నాను.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించినది. విన్నాను, ఒప్పుకున్నాను.

వేముల ఓదెమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

ఎరిగిన సాక్షులు:
గూడెపు ఈశ్వరమ్మ, ఐలయ్య భార్య, వేలిముద్ర
వేముల సుగుణ, ఓదెమ్మ కోడలు, సంతకం

రాసినవాడు: మడిపెల్లి సదయ్య